తిరుపతిలో పళ్ళ క్లిప్పులు, రెండు చిన్న స్క్రూలు: నా 26 నెలల అనుభవం

నాకు 33 ఏళ్ళు. తిరుపతిలో ఎమ్మార్ పల్లి వైపు ఉంటాం, ఒక జూనియర్ కాలేజీలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. చిన్నప్పటి నుంచీ నావి ఎత్తు పళ్ళు. పెదాలు కలపాలంటే గడ్డం దగ్గర కండరం బిగబట్టాల్సి వచ్చేది, క్లాసులో గంట సేపు మాట్లాడేసరికి ముందు పళ్ళు ఆరిపోయి పై పెదవి వాటికి అంటుకునేది. రెండేళ్ళ కిందట క్లిప్పులు వేయించుకున్నాను, అందులో భాగంగా పై దవడ ఎముకలో రెండు చిన్న స్క్రూలు కూడా పెట్టారు. మినీ స్క్రూ అంటారు, మినీ ఇంప్లాంట్ అని కూడా అంటారు. పెట్టించుకునే ముందు వీటి గురించి తెలుగులో వెతికితే, పెట్టించుకున్న మనిషి రాసింది ఒక్కటీ నాకు కనిపించలేదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. క్లినిక్ పేరు రాయడం లేదు. మెచ్చుకోవాల్సినవీ గొడవ పడ్డవీ రెండూ ఉన్నాయి, పైగా నా పళ్ళకు కుదిరింది మీ పళ్ళకు కుదరాలని లేదు. పేరు చూసి పరిగెత్తడం కంటే విషయం తెలుసుకుని మీకు దగ్గరలో ఉన్న ఆర్థోడాంటిస్టును అడగడం మేలు. ఆర్థోడాంటిస్టు అంటే మామూలు బీడీఎస్ తర్వాత పళ్ళ వరస సరిచేయడంలోనే మూడేళ్ళు ఎండీఎస్ చదివినవాళ్ళు. ఈ పని వాళ్ళదే.

ముందు మా అక్క సంగతి చెప్పాలి, అది చెప్పకుండా ఈ స్క్రూలు నాకు ఎందుకు అంత ముఖ్యమయ్యాయో అర్థం కాదు. చిత్తూరులో ఉండే మా పెద్దమ్మ కూతురు నాకంటే నాలుగేళ్ళు పెద్ద. ఆమెవీ నావీ ఒకే రకం పళ్ళు, మా అమ్మమ్మ పోలిక. పన్నెండేళ్ళ కిందట సంబంధాలు చూస్తున్నారని ఆమెకు హడావుడిగా క్లిప్పులు వేయించారు. నాలుగు మంచి పళ్ళు పీకారు, మూడేళ్ళు తిప్పారు, చివరికి ఖాళీలన్నీ మూసుకున్నాయి, వరస కూడా చక్కగా వచ్చింది, కానీ ముందు పళ్ళు మాత్రం పెద్దగా వెనక్కి పోలేదు. పక్క నుంచి చూస్తే మూతి అట్లాగే ఉంది. "నాలుగు పళ్ళు పోగొట్టుకున్నాను, దేనికోసం పీకించుకున్నట్టు?" అని అక్క మా ఇంట్లో కూర్చుని ఏడ్చిన రోజు నాకు బాగా గుర్తు. ఆ చోటంతా ఏమైపోయిందో అప్పుడు మాకెవరికీ తెలియలేదు. ఇప్పుడు తెలుసు. వెనక దవడ పళ్ళు ముందుకు జరిగి ఆ చోటు ఆక్రమించుకున్నాయి.

మా ఊరు పాకాల దగ్గర. మా నాయనకు చెరకు తోట ఉండేది. కార్తీక మాసం వానల్లో లోడు ట్రాలీ బురదలో దిగబడితే ఇంకో ట్రాక్టర్ తెచ్చి గొలుసు కట్టి లాగేవాళ్ళు. ఆ లాగే ట్రాక్టర్ కూడా మెత్తటి నేలలోనే ఉంటే ట్రాలీ కొంచెం ఇటు వస్తుంది, ట్రాక్టర్ కొంచెం అటు జారుతుంది. నాయన మాత్రం గట్టు మీద ఉన్న చింతచెట్టు మొదలుకు చైన్ పుల్లీ కట్టి లాగించేవాడు. చెట్టు కదలదు, కదలాల్సింది ట్రాలీ ఒక్కటే. న్యూటన్ మూడో సూత్రం నేను ఏటా చెప్పే పాఠమే, కానీ నా నోట్లో జరిగేదీ అదేనని డాక్టరమ్మ చెప్పేదాకా తట్టలేదు. ముందు ఆరు పళ్ళను వెనక్కి లాగాలంటే దేన్నో ఒకదాన్ని పట్టుకుని లాగాలి. మామూలుగా పట్టుకునేది వెనక దవడ పళ్ళనే. అవీ పళ్ళే కదా, అవీ కదులుతాయి. పన్ను ఎముకలో సిమెంటు పోసి నాటినట్టు ఉండదు, వేరు చుట్టూ సన్నటి నారల పొర ఉంటుంది. పన్నును ఒకవైపు అదిమిపెడితే ఆ వైపు ఎముక కొంచెం కొంచెంగా కరుగుతుంది, రెండో వైపు కొత్త ఎముక పడుతుంది, అట్లా నెలకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పన్ను జరుగుతుంది. ఎముకలో దిగిన స్క్రూకు ఆ నారల పొర లేదు, కాబట్టి పన్ను జరిగినట్టు అది జరగదు. అదే మన చింతచెట్టు. అసలు వీసమెత్తు కూడా కదలదని కాదు, లాగుడుకు కొన్ని స్క్రూలు కొద్దిగా ఒరుగుతాయని కూడా ఆమే చెప్పారు. అయినా దవడ పళ్ళతో పోలిస్తే అది లెక్కలోకి రాదు.

మొదటిసారి వెళ్ళినప్పుడు నేను అడిగిన ప్రశ్న ఇది ఒక్కటే: "నాలుగు పళ్ళు పీకేస్తే వచ్చే చోటు ముందు పళ్ళకే దక్కుతుందని ఏమిటి నమ్మకం?" అంతకు ముందు వెళ్ళిన ఒక చోట ఈ ప్రశ్నకు "అదంతా మేం చూసుకుంటాం మేడం" అన్నారు. నేను అక్కడి నుంచి లేచి వచ్చేశాను. రెండో చోట డాక్టరమ్మ, మా అమ్మ వయసు ఉంటుంది, నా సైడ్ ఎక్స్‌రేను లైటు పెట్టె మీద పెట్టి, దాని మీద ట్రేసింగ్ కాగితం పరిచి పెన్సిల్‌తో పళ్ళు గీసి చూపించారు. నీ ముందు పళ్ళు ఇంత వెనక్కి రావాలి, పీకిన చోటు దాదాపు మొత్తం వాటికే కావాలి, దవడ పళ్ళు ఒక మిల్లీమీటరు కంటే ముందుకు వస్తే లెక్క తప్పుతుంది అన్నారు. వేరే దారులు కూడా చెప్పారు. అంగిలికి అడ్డంగా తీగ వేసి రెండు వైపుల దవడ పళ్ళను కలిపి కట్టడం ఒకటి, అది కొంత ఆపుతుంది గానీ పూర్తిగా ఆపదు. తల చుట్టూ పట్టీ వేసి బయటి నుంచి లాగే హెడ్‌గేర్ ఇంకొకటి, అది రోజుకు పన్నెండు గంటలకు పైగా పెట్టుకుంటేనే పని చేస్తుంది. కాలేజీకి వెళ్ళే నేను అది ఎక్కడ పెట్టుకుంటాను? స్క్రూకు అయితే నేను చేయాల్సింది శుభ్రంగా ఉంచుకోవడం ఒక్కటే, పని అది చేసుకుపోతుంది.

ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. ఇంప్లాంట్ అనే మాట వినగానే మా అత్తమ్మ కంగారు పడిపోయారు, ఎందుకంటే మా మామయ్యకు ఊడిన పన్ను స్థానంలో ఇంప్లాంట్ పెట్టినప్పుడు దవడ వాచి నాలుగు రోజులు గంజితో సరిపెట్టుకున్నారు. ఆ రెండూ వేరు. ఊడిన పన్ను కోసం పెట్టేది లావుగా ఉంటుంది, ఎముక దానికి అతుక్కునేదాకా నెలల పాటు ఆగి, తర్వాత పైన పన్ను బిగిస్తారు, అది శాశ్వతం. నాకు పెట్టింది ఒకటిన్నర మిల్లీమీటరు మందం, ఎనిమిది మిల్లీమీటర్ల పొడవు ఉన్న టైటానియం మిశ్రమ లోహపు స్క్రూ. ఎముకకు అతుక్కోవాలని ఎదురుచూడరు, మరలు బిగుసుకుని పట్టుకోవడం మీదే దాని బలం, అందుకే పెట్టిన రోజే లాగుడు మొదలుపెట్టొచ్చు, పని అయిపోయాక విప్పి తీసేయొచ్చు. డాక్టరమ్మ ఒక శాంపిల్ స్క్రూ నా అరచేతిలో పెట్టారు. తల భాగం జొన్న గింజంత ఉంది. దాన్ని ఫోటో తీసి అత్తమ్మకు చూపిస్తే, "ఇంతేనా! దీనికా ఇంత టెన్షన్ పెట్టినావు?" అన్నారు.

ఇది నిన్న మొన్న పుట్టిన ఆలోచన కూడా కాదు. 1945లోనే అమెరికాలో గైన్స్‌ఫోర్త్, హిగ్లీ అనే ఇద్దరు కుక్కల కింది దవడలో లోహపు స్క్రూలు దించి పళ్ళను లాగి చూశారు, సుమారు నెల రోజుల్లో అవన్నీ వదులైపోయాయి. 1983లో క్రీక్‌మోర్, ఎక్లుండ్ ఒక పేషెంట్‌కు ముక్కు కింద ఎముకలో స్క్రూ పెట్టి, మరీ కిందికి దిగిన పై పళ్ళను ఏడాదిలో ఆరు మిల్లీమీటర్ల దాకా పైకి ఎత్తగలిగారు. 1997లో జపాన్ డాక్టర్ కనోమి 1.2 మిల్లీమీటర్ల మందం ఉన్న చిన్న స్క్రూలతో చేసి చూపించాక, వేళ్ళ మధ్య ఇరుకు సందులో కూడా పెట్టొచ్చని అందరికీ ధైర్యం వచ్చింది. కుక్కల దవడలో నెలకే ఊడినవి నా నోట్లో పది నెలలు నిలబడతాయంటే మధ్యలో ఎంతమంది ఎంత కష్టపడి ఉంటారో అనిపించింది నాకు.

జూన్ 2022లో క్లిప్పులు వేశారు, వరుసగా నాలుగు వారాల్లో నాలుగు చిన్న దవడ పళ్ళు తీశారు. మొదటి ఏడెనిమిది నెలలు వంకరలు సరిచేయడానికే సరిపోయాయి, దాని గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, నెలకోసారి తీగ మార్చడం, రెండు రోజులు పళ్ళు నొప్పి, అంతే. స్క్రూలు పెట్టింది ఫిబ్రవరి 2023లో, పైన మాత్రమే, కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి. కింద పళ్ళకు నా లెక్క ప్రకారం అవసరం లేదన్నారు.

ఆ రోజు సంగతి వివరంగా చెబుతాను, ఎందుకంటే అందరికీ భయం దీని గురించే. కుర్చీలో కూర్చోగానే చిగురు మీద చల్లటి జెల్ రాశారు, మందుతో పుక్కిలించమన్నారు, తర్వాత చిన్న ఇంజెక్షన్. మామూలుగా పన్ను పీకేటప్పుడు ఇచ్చిన దాంట్లో నాలుగో వంతు కూడా లేదు మందు. "ఇంత తక్కువ ఇస్తే నొప్పి పుట్టదా డాక్టర్?" అని అడిగాను. "చూడమ్మా, నాకు నీ చిగురు మొద్దుబారితే చాలు, పన్ను మొద్దుబారకూడదు. స్క్రూ పోయే దారిలో వేరు తగిలితే నీకు తెలియాలి, నువ్వు నాకు చెప్పాలి. ఒత్తిడి ఉంటుంది, అది మామూలే. సూది గుచ్చినట్టు చురుక్కుమంటే మాత్రం వెంటనే చెయ్యెత్తు" అన్నారు. సీలు ఉన్న ప్యాకెట్ నా ముందే చించి, గడియారాలు బాగుచేసేవాళ్ళ దగ్గర ఉండే స్క్రూడ్రైవర్ లాంటి దానికి స్క్రూ తగిలించారు. మిషన్ ఏమీ లేదు, చేత్తోనే తిప్పారు. చెంప ఎముకను ఎవరో బొటనవేలితో గట్టిగా అదిమినట్టు ఉంటుంది, చెవి లోపల కిర్రు కిర్రు మని సన్నటి చప్పుడు, కొత్త కొబ్బరికాయకు మేకుతో కన్ను పొడిచినట్టు. కుడివైపు నాలుగు నిమిషాల్లో అయిపోయింది. ఎడమవైపు సగం దిగాక ఒక్కసారి పన్ను లోపల చురుక్కుమంది, చెయ్యెత్తాను. ఆమె ఒక్క మాట కూడా అనకుండా వెనక్కి తిప్పి తీసేసి, ఎక్స్‌రే తీసి చూసి, కోణం మార్చి మళ్ళీ దించారు. ఈసారి ఏమీ లేదు. వేరుకు కొంచెం తగిలి వెంటనే తీసేస్తే సాధారణంగా అది మానిపోతుందట. నాకు ఆ పన్ను ఇవాళ్టికీ బాగానే ఉంది. ఆ తొందరపడకపోవడానికే నేను ఆమెకు పూర్తి మార్కులు వేస్తాను.

అప్పుడే స్క్రూ తల నుంచి కోర పన్ను దగ్గరి కొక్కేనికి సన్నటి స్ప్రింగు తగిలించారు, బాల్‌పెన్నులో స్ప్రింగుకు చెల్లెలు లాంటిది. పెన్ను ఆకారంలో ఉన్న ఒక గేజ్‌తో ఎంత బలంతో లాగుతోందో కొలిచి, "150 గ్రాములు" అని అసిస్టెంట్‌కు చెప్పి రాయించారు. 150 గ్రాములంటే ఒక మాదిరి జామకాయ బరువు. అంత తక్కువ బలానికి ఆరు పళ్ళు ఎట్లా కదులుతాయి, కొంచెం పెంచితే తొందరగా అయిపోదా అని అడిగితే ఆమె చెప్పింది నాకు చాలా నచ్చింది. ఎక్కువ లాగితే వేరు ఎముకకు ఒత్తుకుని ఆ చోట రక్తం ఆడదు, ఎముకను కరిగించే కణాలకు అక్కడ పని చేసే వీలుండదు, పన్ను వారాల తరబడి ఆగిపోతుంది, వేరు కూడా అరిగే ప్రమాదం ఉంది. మెల్లగా, ఆపకుండా లాగాలి. తొందరగా చేయమని డాక్టర్ల మీద ఒత్తిడి పెట్టేవాళ్ళు ఈ మాట గుర్తుంచుకోండి.

ఆ రాత్రి ఒక పారాసెటమాల్ వేసుకున్నాను, మర్నాడు ఉదయం ఫస్ట్ అవర్ క్లాసుకు వెళ్ళాను. నొప్పి కంటే స్క్రూ తల చెంప లోపల రాసుకోవడమే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది. నాలుగైదు రోజులకు అక్కడ చిన్న పుండు పడింది. క్లినిక్‌లో ఇచ్చిన తెల్లటి మైనం బఠాణీ గింజంత తీసుకుని, వేళ్ళ మధ్య నలిపి, స్క్రూ తల తుడిచి ఆరబెట్టి అతికిస్తే నిలుస్తుంది, తడి మీద పెడితే నిలవదు. పది రోజులకు చెంపే అలవాటు పడిపోయింది. శుభ్రం మాత్రం గట్టిగా చూసుకోవాలి. మెత్తటి చిన్న బ్రష్‌తో స్క్రూ చుట్టూ తిప్పుతూ తోమడం, మొదటి రెండు వారాలు క్లోర్‌హెక్సిడిన్ మందుతో పుక్కిలించడం. ఒక రోజు బద్ధకిస్తే రెండో రోజుకు చిగురు ఎర్రబడి స్క్రూ తల మీదికి ఎక్కడం నేను అద్దంలో చూశాను.

తిండి విషయంలో మన వైపు వాళ్ళం అదృష్టవంతులం అనే చెప్పాలి, రాగి సంగటి ఉంది. ముద్ద తుంచి పప్పులోనో పులుసులోనో ముంచి మింగడమే, నమిలే పని లేదు. ఊరిబిండి మాత్రం అమ్మ చేసినట్టు కచ్చాపచ్చాగా ఉంటే వేరుశనగ పలుకులు స్ప్రింగు చుట్టలో ఇరుక్కుంటాయి, మెత్తగా రుబ్బించుకున్నాను. చెరకు, మురుకులు, చెక్కలు పూర్తిగా మానేశాను. అంత జాగ్రత్తగా ఉండి కూడా ఒక రోజు కొండ మీది నుంచి మా తమ్ముడు తెచ్చిన లడ్డూ ప్రసాదం కళ్ళకద్దుకుని కొరికాను, లోపల కలకండ ముక్క తగిలి కింది క్లిప్పు ఒకటి ఊడింది. ఆ తర్వాత ప్రసాదాన్ని ముందు చేత్తో పొడి చేసి, కలకండ ఏరి పక్కన పెట్టి తినేదాన్ని. తిరుపతిలో క్లిప్పులు వేసుకున్న ప్రతి ఇంట్లో ఈ జాగ్రత్త అవసరం.

ఇక గొడవ సంగతి. ఏడో వారంలో ఒక రోజు పళ్ళు తోముతుంటే కుడివైపు స్క్రూ కొంచెం ఊగినట్టు అనిపించింది. నొప్పి లేదు. మర్నాడు సాయంత్రం వెళ్తే డాక్టరమ్మ చిన్న పట్టకారుతో పట్టుకుని కదిపి చూసి, వదులైపోయింది, దీన్ని తీసేసి ఇంకొంచెం వెనక, రెండు పెద్ద దవడ పళ్ళ మధ్య కొత్తది పెడదాం అన్నారు. నేను బెంబేలెత్తిపోయాను, నేనే సరిగ్గా తోమలేదేమో, నేనే చెడగొట్టుకున్నానేమో అని. అప్పుడు చెప్పారు, పదింటిలో ఒకటి కంటే కొంచెం ఎక్కువే ఇట్లా వదులవుతాయని, అందులో ఎక్కువ భాగం మొదటి నెలల్లోనే జరుగుతుందని, పేషెంట్ తప్పు లేకుండా కూడా, ఎముక పై పొర పలచగా ఉన్న చోట పడితే చాలని. ఇది పెట్టక ముందే ఎందుకు చెప్పలేదు? ఆ ఒక్క మాట ముందు చెప్పి ఉంటే ఆ రాత్రి నాకు నిద్ర పట్టేది. దానికి తోడు కొత్త స్క్రూ పెట్టాక కౌంటర్ దగ్గర ఇంకో 4,000 రూపాయలు కట్టమన్నారు. మొదట రాసిచ్చిన ఎస్టిమేట్ కాగితం తీసి చూపించాను, దాంట్లో ఊడితే మళ్ళీ కట్టాలని ఎక్కడా లేదు. "ప్యాకేజీలో ఒకసారి పెట్టడమే మేడం" అని ఆ అమ్మాయి, ఆమెకు అట్లా చెప్పమన్నారు, ఆమెను ఏమనగలను. లోపలికి మళ్ళీ వెళ్ళి మాట్లాడాక సగం తగ్గించారు. నా బాధ 2,000 రూపాయల గురించి కాదు. పదింటిలో ఒకటి వదులవుతుందని తెలిసిన విషయాన్ని కాగితం మీద పెట్టకపోవడం తప్పు. అంత మంచి చేతి పని ఉన్న చోట ఇది ఉండకూడదు. తర్వాత నెలల్లో కొత్తవాళ్ళకు ఇస్తున్న కాగితంలో ఆ వాక్యం చేర్చారని చూశాను, సంతోషం.

ఇంకో ఇబ్బంది అపాయింట్‌మెంట్లు. ఐదున్నరకు రమ్మంటే ఏడుంబావుకు లోపలికి పిలిచిన రోజులు చాలా ఉన్నాయి. చిత్తూరు, శ్రీకాళహస్తి, పుత్తూరు నుంచి పిల్లల్ని తీసుకొచ్చిన తల్లులు బస్సు టైమ్ చూసుకుంటూ కూర్చునేవాళ్ళు.

కుడివైపు కొత్తగా పెట్టిన స్క్రూ చివరిదాకా నిలిచింది. నాలుగు నెలలకు ప్లాస్టర్ అచ్చులు తీసినప్పుడు నేను కాలేజీ ల్యాబ్ నుంచి వెర్నియర్ కాలిపర్స్ తీసుకెళ్ళి కొలిచాను. మొదలుపెట్టేనాటికి కుడివైపు ఖాళీ 6.8 మిల్లీమీటర్లు, ఇప్పుడు 4.1. అచ్చు మీద కొలత రాస్తుంటే డాక్టరమ్మ నవ్వి, "నువ్వు రాసింది నా ఫైల్లో కూడా పెడతా" అన్నారు. స్క్రూలు పెట్టిన పదో నెలకు, డిసెంబర్ 2023లో, కోర పన్ను వచ్చి దవడ పన్నును తాకింది. డెంటల్ ఫ్లాస్ కష్టంగా దూరింది. ఆ రోజు అద్దం ముందు నిలబడి పెదాలు మూశాను. గడ్డం బిగబట్టకుండానే మూసుకున్నాయి. ముప్ఫై ఏళ్ళలో నాకు అది మొదటిసారి. మా ఆయన్ను పిలిచి చూపిస్తే ఆయనకు ముందు తేడా ఏమిటో తెలియలేదు, తర్వాత తెలిసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

స్క్రూలు తీయడం పెట్టడం కంటే సులువు. ఇంజెక్షన్ లేదు, జెల్ రాసి అదే స్క్రూడ్రైవర్‌తో ఎదురు తిప్పారు, ఒక్కోటి నిమిషం కూడా పట్టలేదు. రెండు చుక్కల రక్తం, కాసేపు దూది అదిమి పట్టుకున్నాను, వారం తిరిగేసరికి చిగురులో గుర్తు కూడా లేదు. అడిగి తెచ్చుకుని శుభ్రం చేసి కుంకుమ భరిణెలో పెట్టుకున్నాను. మూడో సూత్రం చెప్పే రోజు వాటిని క్లాసుకు తీసుకెళ్తున్నాను, పిల్లలు బల్లల మీది నుంచి వంగి చూస్తారు. ఆగస్టు 2024లో క్లిప్పులు కూడా తీసేశారు. ఇప్పుడు రాత్రిళ్ళు రిటైనర్ పెట్టుకుంటున్నాను, అది మానేస్తే పళ్ళు మెల్లగా పాత చోటు వెతుక్కుంటూ వెళ్తాయి.

ఖర్చు అడుగుతారు కాబట్టి చెబుతున్నా, ఇది నా బిల్లు మాత్రమే: క్లిప్పులకు 48,000, రెండు స్క్రూలకు 8,000, ఊడిన దానికి 2,000, పళ్ళు తీయడం, ఎక్స్‌రేలు, రిటైనర్ విడిగా. వాయిదాల్లో కట్టాను.

పళ్ళు పీకిన ప్రతి ఒక్కరికీ ఇవి అక్కర్లేదు. మా కాలేజీలో ఒక అమ్మాయికి పళ్ళు కిక్కిరిసి ఉంటే పీకిన చోటంతా వంకరలు సర్దడానికే సరిపోయింది, ఆమెకు స్క్రూతో పనేముంది? మరీ చిన్నపిల్లలకు ఎముక ఇంకా గట్టిపడి ఉండదు కాబట్టి పెట్టడానికి ఆలోచిస్తారు. షుగర్ అదుపులో లేనివాళ్ళు, సిగరెట్ తాగేవాళ్ళు, ఎముకలు గుల్లబారకుండా మందులు వాడుతున్నవాళ్ళు ఆ విషయం దాచకుండా ముందే చెప్పాలి. పళ్ళు పీకడానికి చీటీ రాసే ముందు మాత్రం, డాక్టర్ ఎంత బిజీగా ఉన్నా, వెనక పళ్ళను దేనితో పట్టి ఆపుతారో అడగండి. ఎక్స్‌రే మీద గీసి చూపించమనండి. పీకిన పన్ను మళ్ళీ పెట్టలేరు. స్క్రూ ఊడితే మళ్ళీ పెట్టడానికి డబ్బు తీసుకుంటారా అని కూడా అదే రోజు అడిగి కాగితం మీద రాయించుకోండి.

చివరి విజిట్‌కు అక్క కూడా నాతో వచ్చింది, చిత్తూరు నుంచి పొద్దున్నే బస్సెక్కి. డాక్టరమ్మ నా ట్రేసింగ్ కాగితాలు రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూపించారు, నల్ల గీత మొదటిది, ఎర్ర గీత ఇప్పటిది. దవడ పళ్ళ దగ్గర రెండు గీతలూ దాదాపు కలిసిపోయి ఉన్నాయి, ముందు పళ్ళ దగ్గర ఎర్ర గీత బాగా వెనక్కి వచ్చి ఉంది. అక్క ఆ కాగితాలు చేతిలోకి తీసుకుని ట్యూబ్‌లైటు కేసి ఎత్తి చాలాసేపు చూసింది. తర్వాత తన నోరు చూపించి, "నాకిప్పుడు 37 ఏళ్ళు, ఇంకా పీకడానికి పళ్ళు లేవు, నాకేమైనా దారి ఉందా డాక్టర్?" అని అడిగింది. బుగ్గ ఎముక దిగువన కొంచెం పెద్ద స్క్రూలు పెట్టి పై వరస మొత్తాన్ని ఒకేసారి కొన్ని మిల్లీమీటర్లు వెనక్కి జరిపే పద్ధతి ఉందట, కాకపోతే ముందు జ్ఞాన దంతాలు తీయాలి, వెనక ఎముక ఎంత ఉందో స్కాన్‌లో చూడాలి, అది చూడకుండా ఏ మాటా ఇవ్వను అన్నారు. వచ్చే నెల రెండో శనివారం స్కాన్‌కు టైమ్ ఇచ్చారు, ఇద్దరం కలిసి వెళ్తున్నాం.